ఖాళీ ఛానెళ్ళ పోలయ్య

రాజోలు బస్టాండు ఎదుటి సందులో పోలయ్య కొట్టు ఉండేది. రేకు బోర్డు మీద ఎర్ర రంగుతో 'ఇచట టీవీ యాంటెన్నాలు కట్టబడును' అని రాసి ఉండేది. తొంభైల్లో ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరు టీవీ కొన్నా, టీవీ వచ్చిన మర్నాడు పోలయ్య వెళ్ళాల్సిందే. రిలే కేంద్రం ఎక్కడో గోదావరికి అవతల. మధ్యలో ఉన్నదంతా కొబ్బరితోటలు. డాబా మీద చిన్న గెడ పాతితే బొమ్మ రాదు. నలభై అడుగుల పైపు నిలబెట్టి నాలుగు పక్కలా తీగలు లాగి కట్టాలి. పైపు కొనలేనివాళ్ళకి పెరట్లో అన్నిటికంటే పొడుగైన కొబ్బరిచెట్టు చూసి, దాని మొవ్వు పక్కన యాంటెన్నా బిగించేవాడు. గాలి వీస్తే చెట్టుతోపాటు బొమ్మా ఊగేది. అయినా జనం సంతోషంగానే చూసేవారు.

ఆయనది అంతర్వేది పల్లిపాలెం. తాతా తండ్రీ సముద్రం మీద చేపల వేటకి వెళ్ళినవాళ్ళు. అన్న త్రిమూర్తులు కూడా అంతే. పోలయ్య పదిహేనేళ్ళప్పుడు బోటులో పాడైన రేడియో ఒకటి విప్పి, మళ్ళీ బిగించి పాడించాడు. అది చూసి తండ్రి రాజోల్లో ఒక మెకానిక్ దగ్గర చేర్చాడు. అలా సముద్రం వదిలి కొబ్బరిచెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు.

టీవీ ట్యూన్ చేసేటప్పుడు మొదటి నంబరు నుంచి చివరి నంబరు దాకా తిప్పుకుంటూ పోవాలి. మామూలు మనిషికి అందులో బొమ్మ వచ్చే రెండు చోట్లే గుర్తుంటాయి. మిగతా చోట్ల తెరనిండా చీమలు పాకుతున్నట్టు ఉంటుంది, గుయ్యిమని మోత. పోలయ్యకి ఆ ఖాళీ చోట్లు కూడా తెలుసు. ఏ నంబరులో మోత ఎక్కువ, ఏ నంబరులో వాన ముందు గీతలు పడతాయి, ఏ నంబరులో వేసవి సాయంత్రాలు సముద్రం మీంచి ఎక్కడిదో అరవ బొమ్మ అరగంటసేపు వచ్చి పోతుంది, ఇవన్నీ ఆయన ఎక్కడా రాసుకోలేదు. వేల ఇళ్ళలో తిప్పగా తిప్పగా మనసులో ఉండిపోయాయి.

తొంభై ఆరు నవంబరులో దీపావళికి ఇంకా అయిదు రోజులుంది. పండగలోపు బొమ్మ రావాలని అందరూ తొందరపెడుతున్నారు. ఆ మంగళవారం పోలయ్య శివకోడులో రమణబాబు అనే రైతు ఇంటి దగ్గర పైపు మీద ఉన్నాడు. ముందు నెల ఈదురుగాలికి యాంటెన్నా పక్కకి తిరిగిపోయింది. పైన తను కొద్దికొద్దిగా తిప్పుతుంటే, కింద కిటికీలోంచి రమణబాబు టీవీ చూస్తూ కేకలేస్తున్నారు.

"ఆగాగు! వచ్చేసింది పోలయ్యా. ఇంక కదపకు."

"ఆయ్!"

పోలయ్య పైన నట్లు బిగిస్తున్నాడు. కాసేపటికి రమణబాబు వాకిట్లోకి వచ్చి తల పైకెత్తారు.

"వార్తలొస్తున్నాయి. బంగాళాఖాతంలో వాయుగుండవంట. వేటకి ఎవరూ ఎల్లొద్దంటున్నారు. మీ పాలెం వాళ్ళకి కబురు పెట్టు."

"ఆయ్, చెప్తానండి బాబూ."

అప్పటికి అన్న బోటు ఒడ్డునే ఉంది. ఇంజను విప్పి వారమైంది, ఆదివారం వెళ్ళినప్పుడు పోలయ్య కళ్ళారా చూశాడు. ఇంకో నాలుగు రోజులు పడుతుందని త్రిమూర్తులే అన్నాడు. పాలెంలో ఐసు ఫ్యాక్టరీకి ఫోను ఉంది. శివకోడు సెంటర్లో టెలిఫోన్ బూత్ ఉంది. పోలయ్య దాని ముందునుంచే సైకిలు మీద వెళ్ళాడు. ఆగలేదు. ఇంకా మూడిళ్ళున్నాయి. అవి ముగించుకుని రాజోలు వచ్చి తిని పడుకున్నాడు.

బుధవారం సాయంత్రం తుఫాను వచ్చింది. గురువారం తెల్లారేసరికి రాజోల్లో సగం కొబ్బరిచెట్లు నేలమీద ఉన్నాయి. బస్సుల్లేవు. పడిన చెట్ల మీంచి ఎక్కుతూ దిగుతూ నడిచి, పోలయ్య మర్నాటి మధ్యాహ్నానికి పాలెం చేరాడు. అన్న ఇంటికి పైకప్పు లేదు. వదిన కాంతం అరుగు మీద కూర్చుని ఉంది.

"అన్నేడి వదినా?"

"ఇంజను మంగళారం సాయంత్రమే బాగైపోయింది పోలయ్యా," అంది కాంతం. "బుధారం చీకటితోనే ఎల్లేరు. అయిదుగురు."

ఆ అయిదుగురూ రాలేదు. బోటు చెక్క కూడా దొరకలేదు. పదిహేను రోజులు చూశారు. తరువాత త్రిమూర్తులు చొక్కా ఒకటి ఒడ్డున పెట్టి కర్మ చేశారు. పోలయ్యే చేశాడు. చెప్పినచోట కూర్చున్నాడు, చెప్పినప్పుడు లేచాడు. పక్కింటి ఆడవాళ్ళు ఆయన మొహం చూసి ఇంకా గట్టిగా ఏడ్చారు. ఆయనకి ఏడుపు రాలేదు. వస్తుందేమోనని ఎదురుచూశాడు కూడా.

ఆ తరువాత మూడు నెలలు ఊపిరాడని పని. ఒక్క పైపు నిటారుగా లేదు. కరెంటు వచ్చిన ప్రతి ఊరి నుంచీ పోలయ్య కోసం మనిషి వచ్చేవాడు. వంగిన పైపులు సాగదీసి, విరిగిన యాంటెన్నా పుల్లలు మార్చి, మళ్ళీ నిలబెట్టాడు. శివకోడు రమణబాబు ఇంటికి కూడా వెళ్ళాడు. ఆయన మీ అన్నగారి సంగతి విన్నానయ్యా అన్నారు. "ఆయ్" అని పోలయ్య పైపు ఎక్కాడు. ఆ మాఘంలో పోలయ్యకి పెళ్ళి అనుకున్నారు. ఆడపెళ్ళివారు ఏడాది ఆగుదామన్నారు, ఈయన సరేనన్నాడు. ఏడాది తరువాత వాళ్ళు అడగలేదు, ఈయనా అడగలేదు. ఆ పిల్లకి వేరేచోట పెళ్ళయిందని తెలిసినప్పుడు కూడా ఆయనకి ఏమీ అనిపించలేదు.

మధ్యాహ్నం పని లేనప్పుడు కొట్టు తలుపు సగం దించి, బాగుచేయడానికి వచ్చిన టీవీ ఏదో ఒకటి పెట్టుకుని కూర్చునేవాడు. బొమ్మ వచ్చే నంబరు పెట్టేవాడు కాదు. చీమలు పాకే నంబరు పెట్టి చూస్తూ ఉండేవాడు. ఎవరైనా వస్తే, "చెక్ చేస్తున్నానండి" అనేవాడు. ప్రతి ఆదివారం పాలెం వెళ్ళి వదినకి కావలసినవి ఇచ్చి వచ్చేవాడు. కాంతం చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముకుని బతికేది. పిల్లల్లేరు. ఇద్దరూ వాన గురించీ రొయ్యల ధర గురించీ మాట్లాడుకునేవారు. త్రిమూర్తులు పేరు ఎత్తేవారు కాదు.

తరువాత కేబుల్ వచ్చింది. ఒక్కో ఊరే యాంటెన్నాలు దించేసుకుంది. తను కట్టినవన్నీ తనే విప్పాడు. ఆ పైపులు కొందరు పాదు పందిళ్ళకి వాడుకున్నారు, కొందరు బట్టలారేసుకున్నారు. కొన్నాళ్ళకి డాబాల మీద డిష్షులు వచ్చాయి. పోలయ్య అవీ బిగించాడు. పని పనే.

రెండువేల ఎనిమిది అక్టోబరులో ఒక జీపు కొట్టు ముందు ఆగింది. నలభై ఏళ్ళావిడ దిగింది. కాకినాడ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వైర్‌లెస్ పాఠాలు చెప్పే లెక్చరర్, పేరు విజయకుమారి.

"యాంటెన్నాల పోలయ్యగారంటే మీరేనాండి?"

"ఒకప్పుడండి. ఇప్పుడు డిష్షులండి."

"ఈ ప్రాంతంలో టీవీ ఛానెళ్ళలో ఏవేవి ఖాళీగా ఉంటాయో మీకు తెలుసని మలికిపురంలో చెప్పేరు."

పోలయ్య చేతిలో పని పక్కన పెట్టాడు. "బొమ్మ వచ్చేది అడిగినోళ్ళున్నారు గాని మేడమ్‌గారూ, రానిది అడిగినోళ్ళు ఇంతవరకూ లేరండి."

ఆవిడ బల్ల మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. పల్లిపాలెం మత్స్యకారుల సొసైటీ హాల్లో కంప్యూటరు పెట్టి ఇంటర్నెట్ ఇవ్వాలని వాళ్ళ ఆలోచన. టెలిఫోన్ తీగలు ఉప్పుగాలికి తుప్పుపట్టి పోతున్నాయి. మామూలుగా కంప్యూటర్లు వాడే వైర్‌లెస్ అయితే చెట్ల ఆకులు అడ్డొస్తే ఆగిపోతుంది, ఇక్కడ పదిహేను కిలోమీటర్లూ కొబ్బరాకులే. టీవీ తరంగాలు అలా కాదు, తోటలు దాటుకుని పోతాయి. టీవీ కోసమని కేటాయించిన ఛానెళ్ళు చాలా ఉన్నాయి, ఈ ప్రాంతంలో వాడేవి రెండో మూడో. మిగతావి ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉన్నాయి. అలాంటి ఒక ఖాళీ ఛానెల్లో మలికిపురం నుంచి పాలెందాకా ఇంటర్నెట్ పంపి చూడటం. ప్రయోగానికి ఆరు నెలల అనుమతి ఢిల్లీ నుంచి తెచ్చుకున్నారు.

"పైపు ఎక్కాలాండి?" అన్నాడు పోలయ్య.

"ఎక్కాలండి. అరవై అడుగులు."

"ఆయ్."

మలికిపురంలో మూడంతస్తుల మేడ మీద విజయకుమారి తన పెట్టె పెట్టుకుని మూడు రోజులు తరంగాలు కొలిచింది. పెట్టె తెర మీద గీత పైకి లేచినచోట ఛానెల్ వాడుకలో ఉన్నట్టు, చదునుగా ఉంటే ఖాళీ. ఇరవై ఎనిమిదో నంబరు దగ్గర గీత నేలబారుగా ఉంది.

"ఇదే తీసుకుందాం," అంది.

"అది వద్దండి. ముప్ఫై రెండు తీసుకోండి," అన్నాడు పోలయ్య.

"ఎందుకండి? ఇందులో అసలేమీ లేదు."

"ఇప్పుడు ఉండదండి. శివరాత్రి వెళ్ళేక ఎండలు ముదిరితే, సాయంత్రం పూట సముద్రం మీంచి అరవం వస్తదండి అందులో."

విజయకుమారి నవ్వింది. ఎగతాళిగా కాదు. ముప్ఫై రెండులో కాస్త మోత ఎక్కువగా ఉందనీ, మూడు రోజుల కొలతలూ ఇరవై ఎనిమిదే మేలని చెప్తున్నాయనీ అంది. పోలయ్య వాదించలేదు. "తమ ఇష్టమండి," అన్నాడు.

నవంబరు రెండో వారంలో పాలెంలో సొసైటీ హాలు పక్కన పైపు నిలబెట్టారు. అప్పటికి పోలయ్యకి నలభై మూడేళ్ళు. అరవై అడుగులు ఎక్కి నడుముకి తాడు కట్టుకున్నాడు. పై నుంచి సముద్రం చాలా దూరం కనిపిస్తుంది. ఆయన అటు చూడలేదు, చెవి దగ్గర సెల్‌ఫోను పెట్టుకుని మలికిపురం వైపు యాంటెన్నా తిప్పుతున్నాడు. అక్కడి మేడ మీంచి విజయకుమారి చెప్తోంది.

"ఎడమకండి... ఇంకా... కొంచెం వెనక్కి. ఆగండి! దొరికిందండి!"

"ఆయ్," అని నట్లు బిగించాడు.

హాల్లో కంప్యూటరు తెర మీద ఉపగ్రహం తీసిన బంగాళాఖాతం బొమ్మ పై నుంచి కిందికి ఒక్కో పట్టీగా తెరుచుకుంది. మొదటి రోజు జనం సినిమాకి వచ్చినట్టు వచ్చారు. నాలుగు రోజుల తరువాత ఆ బొమ్మలో అండమాన్ వైపు తెల్లటి ముద్ద కనిపించింది. వాయుగుండమని రేడియో కూడా చెప్పింది. సొసైటీవాళ్ళు బోట్లు ఆపేశారు. పోలయ్య తీగలు సరిచూసే పని మీద ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఎండుచేపల గంప కింద పెట్టి కాంతం హాల్లోకి వచ్చింది. తెర దగ్గరగా వంగి చూసింది.

"ఆ తెల్లగా ఉన్నదేనా పోలయ్యా?"

"అదే వదినా."

"అంతేనా! పత్తి పింజలా ఉంది."

ఇద్దరూ బయటికి వచ్చారు. కాంతం పందిరి మీద ఎండుతున్న చేపలు తిరగేస్తోంది. పోలయ్య పందిరి రాట పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజే చెప్పాలని ఆయన అనుకోలేదు. నోటంట వచ్చేసింది.

"ఆ ఏడు నేను ముందే విన్నాను వదినా."

"ఏటి?"

"తుఫాను సంగతి. మంగళారం శివకోడులో రమణబాబుగారు టీవీలో విని చెప్పేరు. మీవాళ్ళకి చెప్పుకోమన్నారు. ఇంజను విప్పేసుందిగదా అనుకున్నాను. ఐసు ఫ్యాక్టరీకి ఫోను చేస్తే సరిపోయేది. చెయ్యలేదు."

కాంతం చేతిలో చేప అలాగే ఉంది. తరువాత ఆ చేపని తిరగేసి పెట్టింది.

"మేమూ విన్నాం," అంది.

"ఎప్పుడు?"

"ఆ సాయంత్రమే. రేడియోలో. మీ అన్నా విన్నాడు. నెలకోటి చెప్తానే ఉంటారు, పండగ ఖర్చులకి కావాలిగదా, ఒక్క వేటేసి వచ్చేత్తానన్నాడు. నేనే అన్నం కట్టేను. ఎల్లొద్దని అనలేదు." ఇంకో రెండు చేపలు తిరగేసింది. "నువ్వు ఫోను చేసినా ఎల్లేవోడే."

పన్నెండేళ్ళ పాటు ఒకే మాట ఇద్దరూ చెరొకచోట దాచుకున్నారు. బరువు దిగినట్టుంటుందని పోలయ్య అనుకుని ఉంటాడు, ఎవరైనా అలాగే అనుకుంటారు. ఏమీ దిగలేదు. తన తప్పు లేదని తెలిశాక తప్పు ఉన్న చోట ఏమీ లేకుండా పోయింది, అంతే. వదిన ఏడుస్తుందేమోనని చూశాడు. ఆవిడ ఏడవలేదు. "అన్నం తిని ఎల్లు," అంది. తిని వెళ్ళాడు.

ఆ వాయుగుండం దక్షిణంగా పోయింది. పాలెంలో రెండు రోజులు వాన పడింది. వేట పోయిందని కొందరు సొసైటీ మీద విసుక్కున్నారు. మూడో రోజు బోట్లు వెళ్ళాయి.

ఫిబ్రవరి చివర్లో సాయంత్రాలు లింకు తెగిపోవడం మొదలైంది. పొద్దున్న బాగానే ఉండేది, నాలుగున్నర దాటేసరికి తెర మీద బొమ్మ సగంలో ఆగిపోయేది. విజయకుమారి జీపులో వచ్చి మేడ ఎక్కి పెట్టె పెట్టింది. ఇరవై ఎనిమిది దగ్గర గీత తాటిచెట్టంత లేచి ఉంది. మేడమీదికి చిన్న టీవీ ఒకటి తెప్పించి ఆ నంబరు పెట్టింది. చీమల మధ్య ఒకావిడ అరవంలో వంట చేసి చూపిస్తోంది.

విజయకుమారి చాలాసేపు ఆ వంట చూసింది.

"మీరు చెప్పింది రాసుకోవాల్సిందండి పోలయ్యగారూ. నాది తప్పు."

"తప్పేముందండి. మీరు చలికాలంలో వచ్చేరు."

"ఇది ఎన్నాళ్ళు ఉంటుందండి?"

"వానలు పడేదాకానండి. ముప్ఫై రెండుకి రాదు. ఎప్పుడూ చూడలేదు."

ఆ సాయంత్రమే ముప్ఫై రెండుకి మార్చారు. పాలెంలో పోలయ్య మళ్ళీ పైపెక్కి యాంటెన్నా పుల్లలు కొంచెం పొట్టివి బిగించాడు. తరువాత ఒక్క సాయంత్రం కూడా లింకు తెగలేదు. కాలేజీ నుంచి వచ్చిన పెద్దలు హాల్లో చప్పట్లు కొట్టి పోలయ్య మెడలో దండ వేశారు. ఆయన దండతోనే వెళ్ళి తీగలు సరిచూశాడు, తీయడం మరిచిపోయి.

ఏప్రిల్ నెలాఖరుకి అనుమతి ముగిసింది. ఇంకో ఏడాది ఇమ్మని విజయకుమారి ఢిల్లీకి రాసింది, జవాబు రాలేదు. గడువు దాటితే ఆ ఛానెల్ ఒక్క రోజు కూడా వాడకూడదు. పోలయ్యే ఎక్కి విప్పాడు. కింద విజయకుమారి పెట్టెలు సర్దుకుంటూ, "మా ల్యాబులో మీలాంటివారు కావాలండి. వస్తారా?" అని అడిగింది.

"ఆలోచించి చెప్తానండి," అన్నాడు. వెళ్ళలేదు.

జూన్లో ఆవిడ నుంచి పోస్టులో ఒక నివేదిక వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. పోస్టుమాస్టరు చివరి పేజీలో పోలయ్య పేరు వేలితో చూపించి, మీ సాయం లేకపోతే సరైన ఛానెల్ దొరికేది కాదని రాశారయ్యా అని చెప్పాడు. పోలయ్య దాన్ని సొరుగులో పెట్టుకున్నాడు.

ఆ వర్షాకాలంలోనే రాజోలు కొట్టు ఖాళీ చేసి పాలెం వెళ్ళిపోయాడు. వదిన ఇంటి పక్కన పాక వేసుకున్నాడు. అప్పటికి పెద్ద బోట్లకి వైర్‌లెస్ సెట్లూ, దారి చూపించే జీపీఎస్ పెట్టెలూ వస్తున్నాయి. ఉప్పుగాలికి అవి నెలకోసారి పాడవుతాయి. అంతర్వేదిలో వాటిని విప్పగలిగినవాడు పోలయ్య ఒక్కడే. చేతినిండా పని.

సత్తియ్య అనే బోటు యజమాని ఒకరోజు వచ్చాడు. "సెట్టు ఒడ్డున బాగానే పలుకుతోంది బాబాయ్. లోపలికి ఎల్తే గరగర తప్ప మాటల్లేవు. నువ్వొచ్చి చూడాలి."

"బోటు ఇక్కడికి తేరా, చూస్తాను."

"ఇక్కడ బాగుంటే ఏం చూస్తావు? లోపలికి రావాలి."

అది నిజమే. మర్నాడు పొద్దున్న పోలయ్య బోటు ఎక్కాడు. పదిహేనేళ్ళ వయసు తరువాత మళ్ళీ ఎక్కడం అదే. లైట్‌హౌసు వెనకబడింది. గోదావరి మట్టినీళ్ళు పోయి నీలం నీళ్ళు వచ్చాయి. రెండు గంటలు వెళ్ళాక సత్తియ్య ఇంజను ఆపాడు. అలకి బోటు ఒరిగినప్పుడల్లా సెట్టు గరగరమంటోంది. యాంటెన్నా మొదట్లో తీగ ఒకటి తుప్పుపట్టి వదులైంది, ఒరిగినప్పుడే విడిపోతోంది. పోలయ్య దాన్ని కత్తిరించి కొత్త ముక్క అతికించాడు. గరగర పోయింది. సెట్టులో ఒడ్డు నుంచి ఎవరో పలికారు.

పనయ్యాక ఆయన చెక్క మీద కూర్చుని నీళ్ళ వైపు చూశాడు. చుట్టూ ఎటు చూసినా ఒకేలా ఉంది. ఏదో ఒకటి అనిపిస్తుందని కాసేపు ఆగాడు. త్రిమూర్తులు సంగతి సత్తియ్యకి తెలుసో తెలియదో. స్టవ్వు మీంచి చేపల పులుసు దింపి, సత్తు గిన్నెలో అన్నం పెట్టి ఇచ్చాడు. పోలయ్య తిన్నాడు. పులుసులో కారం ఎక్కువైంది, కళ్ళలో నీళ్ళు వచ్చాయి, చొక్కా చేత్తో తుడుచుకున్నాడు.

"కారంగా ఉందా బాబాయ్?"

"ఆయ్. ఇంకొంచెం వెయ్యి," అన్నాడు పోలయ్య.